మణికట్టుకో రుచి

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అని మనకో సామెత ఉంది. అది నిజమా కాదా అన్నది కాసేపు పక్కన పెట్టి, మనం దాన్ని ఎప్పుడు వాడతామో గమనించండి. వాదన మొదలుపెట్టడానికి ఎవరూ వాడరు, ముగించడానికే వాడతారు. ఒక సినిమా గురించో, కవిత గురించో, పెళ్ళిలో ఎవరో కట్టుకున్న చీర రంగు గురించో మాటలు కాస్త వేడెక్కగానే, ఎవరో ఒకరు ఈ సామెతని మంచినీళ్ళ గ్లాసులా అందిస్తారు. అందరూ తలో గుక్క తాగి వేరే విషయంలోకి వెళ్ళిపోతారు. ఈ రోజుల్లో దాని వాడుక రూపం “ఎవరి టేస్టు వాళ్లది”.

ఈ వ్యాసం ఆ మాట మీద నాకున్న అనుమానం గురించి. ఇలాంటి అనుమానాలు పుస్తకాలు చదివితే వస్తాయంటారు. నాకు మాత్రం చేతి గడియారాల వల్ల వచ్చింది. పుస్తకాలు తర్వాత తోడయ్యాయి.

తార్నాకలో మేం నలుగురైదుగురం ఉన్నాం. ఆదివారం పొద్దున ఉస్మానియా క్యాంపస్‌లో నడక, ఆ తర్వాత తార్నాకకొచ్చి చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. ఒకాయన ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న ఒక పరిశోధనా సంస్థలో పనిచేసి రిటైరైన కెమిస్టు. ఆయన్ని అందరం సార్ అంటాం. ఒకడు ఇంజనీరింగులో నా క్లాస్‌మేటు, ఇప్పుడు సొంత వ్యాపారం. ఒక కుర్రాడు బ్యాంకులో పనిచేస్తాడు. నేను సాఫ్ట్‌వేర్. మా వయసులూ జీతాలూ రాజకీయాలూ ఒకదానికొకటి పొసగవు. మమ్మల్ని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది క్రోనోగ్రాఫ్.

క్రోనోగ్రాఫ్ అంటే మామూలు చేతి గడియారంలోనే ఇమిడిపోయిన స్టాప్‌వాచ్. కీ తిప్పే మరకి అటూ ఇటూ రెండు మీటలుంటాయి. పైది నొక్కితే డయల్ మధ్యలో ఉన్న పొడుగు ముల్లు పరిగెత్తడం మొదలుపెడుతుంది, మళ్ళీ నొక్కితే ఆగుతుంది. కిందది నొక్కితే గబుక్కున సున్నాకి వచ్చేస్తుంది. గడిచిన నిమిషాలనీ గంటలనీ లెక్కపెట్టడానికి డయల్ మీద రెండో మూడో చిన్న డయళ్ళుంటాయి. గ్రీకు మాటల ప్రకారం ఆ పేరుకి అర్థం ‘కాలాన్ని రాసేది’. మొదట్లో నిజంగానే రాసేది కూడా. 1821లో పారిస్ గుర్రప్పందాల్లో నికొలా రియుసెక్ వాడిన యంత్రం, గుర్రం గీత దాటిన క్షణాన డయల్ మీద సిరాచుక్క పెట్టేది. ఖగోళశాలల్లో అయితే క్రోనోగ్రాఫ్ అంటే తిరిగే డ్రమ్ముకి చుట్టిన కాగితం మీద గీత గీసే పరికరం. 1919 నుంచీ ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద నడిచిన నిజామియా అబ్జర్వేటరీ అంటే గర్వపడే మా సార్‌కి ఈ సంగతి ఇష్టం. నెలకోసారైనా చెబుతారు.

ఇప్పుడు దీని అవసరం ఎవరికీ లేదు. చాలా క్రోనోగ్రాఫ్‌ల చుట్టూ టాకీమీటర్ అనే స్కేలు ఉంటుంది. కిలోమీటరు దూరం వెళ్ళడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తే, 3600ని ఆ సెకన్లతో భాగించి వేగం ఎంతో ఆ స్కేలు చెప్పేస్తుంది. 30 సెకన్లయితే గంటకి 120 కిలోమీటర్లు. కానీ మామూలుగా ఆ స్కేలు 60 దగ్గర ఆగిపోతుంది. అంతకంటే నెమ్మదిగా వెళ్ళేవాళ్లకి అది పనికిరాదు. సాయంత్రం ఆరుకి తార్నాక నుంచి హబ్సిగూడ వైపు కారు నడిపిన వాళ్లకి దీని ప్రయోజనం ఎంతో వేరే చెప్పనక్కర్లేదు. ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ని 1965లో నాసా అంతరిక్ష యాత్రలకి ఎంపిక చేసిందనీ, 1970లో అపోలో 13 తిరుగు ప్రయాణంలో 14 సెకన్లపాటు ఇంజన్ మండించినప్పుడు లెక్కపెట్టింది ఆ గడియారంతోనేననీ ఈ వాచీల ప్రేమికులందరికీ కంఠతా వచ్చు. మా బ్యాంకు కుర్రాడు తన స్పీడ్‌మాస్టర్‌తో లెక్కపెట్టేది కోడిగుడ్డు ఉడికే సమయం.

అంటే ఈ వస్తువు గురించి జరిగే వాదనలన్నీ చివరికి రుచి గురించే. సమయం తెలుసుకోవడానికి ఫోను ఉంది. ఖరీదైన క్రోనోగ్రాఫ్ గురించి మాట్లాడేవాడు అందం గురించి మాట్లాడుతున్నాడు, లేదా డబ్బు గురించి మాట్లాడుతున్నాడు. రెంటిలో ఏది అన్నది వాడికే తెలియకపోవచ్చు.

*

ఒక ఆదివారం మా క్లాస్‌మేటు ఫోనులో ఒక ఫోటో చూపించాడు. స్విస్ క్రోనోగ్రాఫ్. బ్రాండు పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరు డయల్‌ని వదిలేసి పేరు గురించి ఆలోచిస్తారు. ధర ఒక మధ్యతరగతి కారంత. 44 మిల్లీమీటర్ల కేసు, నల్ల డయల్, దాంట్లో మూడు చిన్న డయళ్ళు, వాటికి బంగారు రంగు అంచులు, నాలుగున్నర దగ్గర ఏటవాలుగా తేదీ కిటికీ, చుట్టూ టాకీమీటర్, దాని లోపల ఇంకో స్కేలు. ఇంకా కొనలేదు. రెండేళ్ళుగా డబ్బు పక్కన పెడుతున్నాడు, వచ్చే వారం కొందామని.

“చెప్పండి, ఎట్లుంది?” అన్నాడు.

“కిరాక్ ఉందన్నా” అన్నాడు బ్యాంకు కుర్రాడు.

సార్ కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశారు. ఫోను తిరిగి ఇస్తూ, “ఎవరి టేస్టు వాళ్లదయ్యా” అన్నారు.

వాడి మొహం చిన్నబోయింది. ‘బాగాలేదు’ అని ఉంటే అంత చిన్నబోయేది కాదనుకుంటాను. ఆయన మంచి మనిషి, నొప్పించాలని అనలేదు. కానీ ఆ మాటలోనే ఏదో ఉంది. ‘నాకో అభిప్రాయం ఉంది, అది నీకు చెప్పను, చెప్పినా నీకు ప్రయోజనం లేదు’ అని వినిపిస్తుంది. పైకి చూస్తే ఆ వాక్యం అందరి రుచులూ సమానమే అంటోంది. కానీ మనం దాన్ని ఎవరితో అంటాం? ఎవరి రుచి మీద ఆశ వదిలేసుకున్నామో వాళ్లతో. మనం లెక్కచేసే మనిషితో అయితే వాదిస్తాం. ‘అదేంటి, నీకు ఆ సినిమా ఎలా నచ్చింది?’ అని గొంతు పెంచుతాం. గొంతు పెంచడం కూడా ఒక రకం మర్యాదే. నీ మాట నాకు ముఖ్యం అని చెప్పడమే.

ఆ మాటని సమర్థించే సందర్భాలూ లేకపోలేదు. మనిషి వస్తువు కొనేశాక, వెనక్కి ఇచ్చే దారి లేనప్పుడు, ‘నీకు నచ్చిందిగా, చాలు’ అనడంలో దయ ఉంది. గృహప్రవేశానికి వెళ్ళి గోడల రంగు మీద విమర్శ చేసేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు. కానీ నోరు మూసుకోవడానికి మంచి కారణం ఉండటం వేరు, ఆ కారణమే సత్యం అనుకోవడం వేరు. ‘ఇప్పుడు చెప్పకూడదు’ అన్నది మర్యాద. ‘చెప్పడానికి అసలేమీ లేదు’ అన్నది సిద్ధాంతం. మనం మొదటిదాన్ని వాడుతూ వాడుతూ రెండోదాన్ని నమ్మేస్తాం.

*

మా బల్ల మీదే ఇంకో రకం రుచిభేదం కూడా ఉంది. సార్‌కి చక్కెర లేని చాయ్. కుర్రాడికి మూడు చెంచాలు. ఇన్నేళ్ళలో ఎవరూ దాని గురించి వాదించలేదు. ‘మూడు చెంచాలెందుకు, కారణం చెప్పు’ అని ఎవరైనా నిలదీస్తే వాడికి పిచ్చి అనుకుంటాం. కానీ తేదీ కిటికీ మూడు దగ్గర ఉండాలా, ఆరు దగ్గర ఉండాలా, అసలు ఉండాలా అన్నదాని మీద గంటలు గంటలు మాట్లాడుకున్నాం. రెండూ రుచులే అయితే, ఒకదాని గురించి వాదన ఎందుకు వింతగా అనిపిస్తుంది, ఇంకోదాని గురించి ఎందుకు సహజంగా అనిపిస్తుంది?

ఈ తేడాని 1790లో కాంట్ తన ‘క్రిటీక్ ఆఫ్ జడ్జ్‌మెంట్’లో పట్టుకున్నాడు. ‘ఈ పానీయం నాకు బాగుంది’ అన్నప్పుడు ఆ ‘నాకు’ అన్నది సబబుగానే ఉంటుంది. ‘ఈ భవనం అందంగా ఉంది’ అన్నవాడు ‘నాకు మాత్రమే’ అని చేరిస్తే వింతగా ఉంటుంది. ఎందుకంటే అందం అన్నమాట వాడగానే వాడు ఎదుటివాళ్లని కూడా చూడమని పిలుస్తున్నాడు, ఒప్పుకుంటారని ఆశిస్తున్నాడు. ఒప్పుకోవాలని రుజువు చేయలేడు, లెక్కల సిద్ధాంతంలా నిరూపించలేడు. అయినా ఆశ వదులుకోడు. కాంట్‌కి ఇదే చిక్కుముడి. రుజువు లేని చోట వాదన ఎలా సాధ్యం?

అంతకు ముందే, 1757లో, హ్యూమ్ దీనికి ఇంకా లౌకికమైన జవాబు ఇచ్చాడు. సెర్వాంటెస్ నవలలోంచి ఒక కథ తీసుకున్నాడు. ఇద్దరు బంధువులు ఒక పీపాలో ద్రాక్షసారా రుచి చూస్తారు. ఒకడు బాగుంది కానీ తోలు వాసన వస్తోందంటాడు. ఇంకొకడు బాగుంది కానీ ఇనుము రుచి ఉందంటాడు. అందరూ ఇద్దర్నీ చూసి నవ్వుతారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున తోలుతాడు కట్టిన పాత తాళంచెవి దొరుకుతుంది. హ్యూమ్ చెప్పేదేమిటంటే, రుచి వ్యక్తిదే అయినా, ఆ రుచి పట్టుకునే సంగతి వస్తువులో ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి సున్నితత్వం కావాలి, సాధన కావాలి, పోల్చి చూసిన అనుభవం కావాలి, పక్షపాతం లేకుండా ఉండాలి, ఇంగితం ఉండాలి.

పోల్చి చూడటం. వాచీలు సేకరించేవాళ్ళు పొద్దస్తమానం చేసే పని అదే. బయటివాళ్లకి ఇది ధనవంతుల కాలక్షేపంలా కనిపిస్తుంది, కొంత నిజమే. కానీ వంద డయళ్ళు చూసిన కన్ను వందొకటో డయల్‌లో మామూలు కన్ను చూడలేనిది చూస్తుంది. ఒక ఉదాహరణ చెబుతాను. క్రోనోగ్రాఫ్‌లో సెకన్ల ముల్లు కొస, డయల్ అంచున ఉన్న గీతల్ని తాకాలి. కొన్ని వాచీల్లో అది ఒక మిల్లీమీటరు ముందే ఆగిపోతుంది. సెకనులో అయిదో వంతు కొలవడానికి గీతలు గీసి, ఆ గీతల్ని అందుకోలేని ముల్లు పెట్టారన్నమాట. ఒకసారి చూపించాక ఇక చూడకుండా ఉండలేం. ఇది ‘నా ఇష్టం’ కాదు. పీపాలో తాళంచెవి.

*

అందుకని ఆ ఆదివారం నేను మా వాడికి కారణాలు చెప్పాను. మూడు చిన్న డయళ్ళూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అంకెల్ని కొరికేస్తున్నాయి. బంగారు అంచులు వెలుతురు పడగానే మెరిసి ముళ్ళని మింగేస్తాయి. ఏటవాలు తేదీ కిటికీ డయల్ సమతూకాన్ని చెడగొట్టింది. చూపు ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. మంచి డిజైన్ అంటే అనవసరమైనది తీసేయడం అన్నాను.

వాడు కాసేపు చాయ్ తాగి, ఇలా అన్నాడు: “మామా, నీకు ఖాళీ గోడంటే అందం. మా ఇంట్ల గోడకు తెలుగు క్యాలెండర్ ఉండేది. ఒక్క గడిల తారీకు, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, అమాసకు నల్ల చుక్క, పున్నానికి తెల్ల చుక్క. మీదికెళ్ళి మా అమ్మ పెన్నుతోని రాసిన పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన రోజు. ఆమెకు ఏది కావాల్నో ఒక్క చూపుల దొరికేది. అది గలీజ్‌గ ఉన్నదని ఎవ్వరన్నా అన్నరా? ఈ డయల్ జూస్తే నాకు గట్లనే అనిపిస్తది. అంతా ఒక్క దగ్గరనే ఉన్నది అనిపిస్తది.”

నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఆ క్యాలెండర్ మా ఇంట్లోనూ ఉంది, రోజూ చూస్తూనే పెరిగాను. దాన్ని డిజైన్‌గా ఎప్పుడూ చూడలేదు. నిజానికి ఒక చదరంగుళంలో అంత సమాచారాన్ని గజిబిజి లేకుండా సర్దిన డిజైన్ మన ఇళ్ళలో ఇంకోటి లేదు. నేను కాసేపాగి, క్యాలెండర్‌లో దేని చోటు దానిదేననీ, తిథి వచ్చి తారీకు మీద కూర్చోదనీ, ఈ వాచీలో మాత్రం తేదీ కిటికీ పక్క డయల్‌ని కోసేస్తోందనీ అన్నాను. వాడు ఫోటో పెద్దది చేసి చూశాడు. “అది ఒప్పుకుంటా. తేదీ దండగ” అన్నాడు. సార్ అప్పటికి మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని ఫోను తన వైపు తిప్పుకున్నారు.

ఆ గంటలో జరిగినదాన్ని ఏమనాలి? ఎవరూ ఎవరినీ ఒప్పించలేదు. ఆ వాచీ నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ అందులో వాడు ఏం చూస్తున్నాడో నాకు కనిపించింది. నేను ఏం చూస్తున్నానో వాడికి కనిపించింది. ‘ఎవరి టేస్టు వాళ్లది’ దగ్గరే ఆగిపోయి ఉంటే, వాడు బంగారు రంగు ఇష్టపడే వ్యాపారిగా, నేను ముక్కు విరిచే సాఫ్ట్‌వేర్‌వాడిగా మిగిలిపోయేవాళ్లం. రుచి గురించిన వాదన గెలుపు కోసం కాదు. ఎదుటివాడి కళ్ళలోంచి ఒకసారి చూడటానికి మనకున్న కొద్ది దారుల్లో అదొకటి.

*

ఇక్కడ ఇంకో ప్రశ్న వస్తుంది. వాడి రుచి గోడ మీది క్యాలెండర్ నుంచి వచ్చింది సరే, నా రుచి ఎక్కడి నుంచి వచ్చింది? పన్నెండేళ్ళుగా నేను కంపెనీల్లో తెరల మీద బొత్తాలు ఎక్కడుండాలో చర్చించే మీటింగుల్లో కూర్చుంటున్నాను. ‘క్లీన్‌గా ఉండాలి’, ‘తెల్లజాగా వదలాలి’ అన్నవి మా వృత్తిలో వేదవాక్యాలు. అవి మొదట ఎవరివో, ఏ దేశంలో ఏ కాలంలో పుట్టాయో ఎవరూ అడగరు. నా ‘సొంత’ రుచిలో చాలా భాగం నా ఉద్యోగం నాకిచ్చిన యూనిఫారం.

ఫ్రెంచి సామాజికవేత్త పియర్ బోర్దియూ 1979లో ‘డిస్టింక్షన్’ అనే పుస్తకంలో ఇంకా దూరం వెళ్ళాడు. మనం రుచులు అనుకునేవి చాలావరకు మన వర్గానికి గుర్తులు, పక్క వర్గం నుంచి మనల్ని వేరుచేసుకునే కంచెలు అన్నాడు. మా బల్ల దగ్గర చూస్తే అది నిజమే అనిపిస్తుంది. జీతగాళ్ళు సాదా డయల్‌నీ, వ్యాపారస్తుడు బంగారు అంచుల్నీ ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు.

అయితే, పుట్టుక తెలిసినంత మాత్రాన విలువ పోతుందా? నాకు ఎక్కాలు నేర్పింది ఒక కోపిష్టి మాస్టారు. ఏడు ఎనిమిదులు యాభై ఆరు అని నేను నమ్మడానికి కారణం ఆయన బెత్తం. అయినా ఏడు ఎనిమిదులు యాభై ఆరే. ఒక రుచి ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, దానికి ఇప్పుడు నేను కారణం చెప్పగలనా అన్నది ఇంకో ప్రశ్న. రుచి మనది అయ్యేది అది మనలోనే పుట్టినందువల్ల కాదు. అడిగినప్పుడు దాని తరఫున నిలబడి మాట్లాడగలిగినందువల్ల.

ఈ పరీక్షలో బాగా తప్పేది ఒకటుంది. ధర. 1960ల చివర్లో రోలెక్స్ డేటోనా క్రోనోగ్రాఫ్‌లలో కొన్నింటికి ఒక వింత డయల్ ఉండేది. చిన్న డయళ్ళలో గీతల చివర చిన్న చిన్న చదరాలు, అచ్చం ఆ కాలపు పోస్టర్ల అక్షరాల్లా. అప్పట్లో ఆ డయల్ ఉన్నవి సరిగ్గా అమ్ముడుపోయేవి కావు. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ చేతికి అలాంటిది ఉండటంతో తర్వాత దానికి ఆయన పేరే వచ్చింది. 2017 అక్టోబరులో ఆయన సొంత వాచీ న్యూయార్క్ వేలంలో కోటీ 77 లక్షల డాలర్లకి పైగా పలికింది. అప్పటి లెక్కన దాదాపు 115 కోట్ల రూపాయలు. డయల్ మారలేదు. మరి మధ్యలో అది అందంగా ఎప్పుడు మారింది?

దీనికి ఒక ఉదారమైన జవాబు ఉంది. ముందువాళ్ళు చూడలేనిది తర్వాతివాళ్ళు చూశారు, కళల్లో ఇలా జరుగుతూనే ఉంటుంది. కాదనను. కానీ ఆ వాచీని మెచ్చుకునేవాళ్ళ మాటలు వింటే, చదరాల గురించి ఒక వాక్యం, వేలం గురించి పది వాక్యాలు ఉంటాయి. ధర ఒక కారణంలా కనిపిస్తుంది కానీ కారణం కాదు. ‘ఎందుకు అందంగా ఉంది?’ అంటే ‘అందరూ కోరుకుంటున్నారు కాబట్టి’ అనడమే. ఆ అందరూ కూడా అదే జవాబు చెబుతారు.

మన దగ్గర దీనికి చిన్న రూపం హెచ్ఎమ్‌టి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల ఫ్యాక్టరీ, ఒక తరం నాన్నలందరి చేతికీ గడియారం కట్టింది. 2016లో ప్రభుత్వం హెచ్ఎమ్‌టి వాచీల కంపెనీ మూసివేతకి ఆమోదం తెలిపింది. మూతపడుతోందని తెలియగానే జనతాలూ పైలట్‌లూ వెతుక్కునేవాళ్ళు పెరిగారు. నా దగ్గరా ఒక నల్ల డయల్ పైలట్ ఉంది, మా నాన్నది. అది నాకు ప్రాణం. కానీ ప్రాణం అన్నంత మాత్రాన డయల్ గొప్పదని మిమ్మల్ని ఒప్పుకోమనలేను. అది మమకారం. మమకారానికి కారణాలు అడగకూడదు, రుచికి అడగాలి. రెంటినీ కలిపేస్తే మా నాన్న మీద ప్రేమకి మీ దగ్గర ఓట్లు అడుక్కున్నట్టు ఉంటుంది. (పైలట్ డయల్ నిజంగానే బాగుంటుంది. నల్ల నేల మీద తెల్ల అంకెలు, చీకట్లో కూడా తికమక లేకుండా. కానీ అది వేరే వాక్యం.)

*

అసలు తప్పించుకోలేని ప్రశ్నకి ఇప్పుడు వస్తున్నాను. మేం నడిచే దారిలో, ఆదివారం పొద్దున ఏడింటికే, లైబ్రరీ దగ్గరా చెట్ల కిందా పిల్లలు పుస్తకాలు పట్టుకుని కూర్చుని ఉంటారు. గ్రూప్స్‌కి, ఎస్సై పోస్టులకి, డీఎస్సీకి. కొందరు ఏళ్ళ తరబడి నోటిఫికేషన్ల కోసం ఎదురు చూస్తున్నవాళ్ళు. వాళ్ళ పక్క నుంచి, వాళ్ళ ఎన్నో ఏళ్ళ మెస్ బిల్లంత ఖరీదు చేసే వస్తువు చేతికి కట్టుకుని, తేదీ కిటికీ మూడు దగ్గర ఉండాలా నాలుగున్నర దగ్గర ఉండాలా అని మాట్లాడుకుంటూ వెళ్తాం. బ్యాంకు కుర్రాడు ఆ దారిలో చొక్కా చెయ్యి కిందికి లాక్కుంటాడు. ఎవరూ చెప్పలేదు, వాడికే అలా అనిపిస్తుందట.

దీనికి దొరికే రెడీమేడ్ జవాబు ‘నా డబ్బు, నా ఇష్టం’. ఈ వాక్యాన్ని ‘ఎవరి టేస్టు వాళ్లది’ పక్కన పెట్టి చూడండి. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. రెండూ ఒక స్వేచ్ఛని చెబుతున్నట్టుంటాయి, రెండూ చేసేది మాత్రం ‘ఎందుకు?’ అన్న ప్రశ్నకి తలుపు వేయడం. చట్టప్రకారం రెండూ సరైనవే. నీ డబ్బుతో నువ్వు వాచీ కొనుక్కుంటే పోలీసులు రారు. కానీ మనిషి దగ్గర మనిషి కారణం అడగడానికి చట్టం అవసరమా? చిన్న విషయంలో కారణం చెప్పడం మానేసిన అలవాటే పెద్ద విషయానికీ పాకుతుందని నా భయం.

అందం గురించి కారణాలు చెప్పడంలో ఒక విశేషం ఉంది. ధర విషయంలో అది లేదు. ముల్లు కొస గీతని తాకడంలో ఉన్న అందాన్ని నేను మీకు చూపిస్తే, వాచీ నాదే అయినా ఆ చూపు ఇద్దరిదీ అవుతుంది. మీరు కొనక్కర్లేదు. కాంట్ అందంలోని ఆనందానికి ‘స్వప్రయోజనం లేని’ అన్న విశేషణం పెట్టడంలో ఉద్దేశం ఇదేననుకుంటాను. సొంతం చేసుకోవాలన్న కోరికతో దానికి పని లేదు. మేం రోజూ నడిచే ఆర్ట్స్ కాలేజీనే తీసుకోండి. బెల్జియం నుంచి వచ్చిన ఎర్నెస్ట్ జాస్పర్ డిజైన్ చేసిన ఆ గులాబీ రంగు గ్రానైటు భవనం 1939లో ప్రారంభమైంది. ఏడో నిజాం రాచరికంలో, ప్రజల్ని అడగకుండా, ప్రజల సొమ్ముతో కట్టింది. ఆ ప్రశ్నలన్నీ దానికీ ఉన్నాయి. అయినా ఈ రోజు దాని మెట్ల మీద కూర్చుని చదువుకునే అమ్మాయికి ఆ కమాను నాకెంతో అంతే సొంతం. సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారమూ అంతే. ఒక నవాబు మోజుగా సేకరించిన వస్తువుల్లో ఒకటి. ఇప్పుడు మధ్యాహ్నం పన్నెండు కాబోతుంటే దాని ముందు పిల్లలు, ముసలివాళ్ళు, ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు కూర్చుని, బుల్లి గడ్డపు మనిషి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టడం కోసం కాచుకుని ఉంటారు. ఒకడి రుచి ఊరందరిదీ అయింది.

చొక్కా చేతి కింద దాగిన వాచీకి ఆ భాగ్యం లేదు. అదొక ఇరుకైన అందం. దాన్ని కొంచెమైనా వెడల్పు చేసేది, దాని గురించి నిజాయితీగా మాట్లాడటమే. అంత మాత్రాన డబ్బు ప్రశ్న తీరిపోతుందని నేను అనడం లేదు. కారణం చెప్పగలిగిన ఖర్చు కూడా ఎక్కువ ఖర్చే కావచ్చు. ఆ పిల్లల మెస్ బిల్లు నా మాటలతో కట్టబడదు. కానీ ఒక తేడా ఉంది. కారణం చెప్పడానికి ఒప్పుకున్నవాడు, ఆ కారణం చాలదని వినడానికి కూడా సగం ఒప్పుకున్నట్టే. ‘నా ఇష్టం’ అన్నవాడు ఆ మాట వినడానికి రాలేదు.

మా వాడు చివరికి ఆ వాచీ కొన్నాడు. అదే బ్రాండులో తేదీ లేని మోడల్ తీసుకున్నాడు. బంగారు అంచులు మాత్రం వదులుకోలేదు. అది తన చేతి మీద ఉన్నప్పుడు ఎవరైనా ‘ఎంత?’ అని అడిగితే ధర చెప్పడు. ‘ఏం చూసి కొన్నావు?’ అని అడిగితే క్యాలెండర్ కథ మొదలుపెడతాడు, మనకి టైమున్నా లేకున్నా. రెండు ప్రశ్నల్లో ఏది అడగాలో అడిగేవాళ్ళు కూడా కాస్త ఆలోచించుకోవాలి. మనం దాదాపు ఎప్పుడూ మొదటిదే అడుగుతాం. రెండోది అడిగితే జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది, మధ్యలో మనకి నచ్చనివి ఉంటాయి, చాయ్ చల్లారిపోతుంది.